ముందుమాట మొగుడు

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నా భార్య పోయినప్పుడు కళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు. వచ్చినవాళ్ళందరూ గొంతు గురించే మాట్లాడారు.

ఎంత తియ్యటి గొంతండీ అన్నారు. ఆ గొంతు వింటే కన్నతల్లి పిలిచినట్టుండేదన్నారు. ఎదురింటి ముసలి గుమాస్తా నా పక్కన కూర్చుని, ఆ గొంతు ఇక వినపడదంటే నమ్మబుద్ధి కావడం లేదన్నాడు. ఆయనకి అంత కావాలంటే ఆ గొంతు ఇప్పుడే వెళ్ళి వినొచ్చు. ఆ గొంతు గల మనిషి బతికే ఉంది. బస్సు దిగి రెండు సందులు దాటితే ఇల్లు. చచ్చిపోయింది నా భార్య.

టీవీలో కనపడిన మొహం ఆమెది. వినపడిన గొంతు ఇంకొకావిడది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సీరియల్ తీసేటప్పుడు సెట్లో నటులు అనే మాటలు మీ ఇంటికి రావు. వాటిని గుర్తు కోసం రికార్డు చేస్తారు. దాన్ని పైలెట్ అంటారు. తర్వాత ఒక చిన్న గదిలో వేరే మనిషి ఆ పైలెట్‌ని చెవికి తగిలించుకుని, తెర మీద కదిలే పెదవులు చూస్తూ, మాటలన్నీ మళ్ళీ చెబుతుంది. మీరు వినేది అదే. పని అయ్యాక పైలెట్‌ని చెరిపేస్తారు. ఇల్లు కట్టాక పరంజా పీకేసినట్టు.

నేను ఆ సెట్లో ప్రాంప్టర్ని. కెమెరా పక్కన స్టూలు మీద కూర్చుని, కాగితం చూసి ఒక్కో మాటా పైకి చదువుతాను. నటులు దాన్ని అందుకుని అంటారు. నా చదువులో ఏడుపు ఉండకూడదు, నవ్వు ఉండకూడదు. బస్టాండులో ఊళ్ళ పేర్లు చదివినట్టుండాలి. ఏడవటం వాళ్ళ పని.

ఈ పని నాకు మా ఊరి బడి పెట్టిన భిక్ష. మా పంతులు పిల్లవాణ్ణి లేపి పాఠం చదవమని, తాను వెళ్ళి గోడ అవతల నిలబడేవాడు. అక్కడికి ప్రతి అక్షరం వినపడాలి. వినపడకపోతే బెత్తం. అర్థమైందా అని ఎప్పుడూ అడగలేదు. నా చదువు తొందరగానే ఆగిపోయింది. గొంతు ఆగలేదు.

సెట్లో నాకు ముందుమాట అని పేరు పెట్టారు. పెళ్ళయ్యాక ఆమె వెనకమాట అయింది. ఇంట్లో ఎవరు ముందు, ఎవరు వెనక అని మేకప్పతను రోజూ అడిగేవాడు. రోజూ అదే జోకు. ఆమె రోజూ నవ్వేది. నేను ఒక్కనాడూ నవ్వలేదు.

ఆమె వేసింది పెద్దక్క వేషం. అమ్మా నాన్నా లేని ఇంట్లో తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ పెంచిన మనిషి. పెరిగినవాళ్ళు ఒక్కొక్కరే పోట్లాడి వెళ్ళిపోతారు. వెళ్ళిపోయే ప్రతిసారీ ఆమె గుమ్మంలో నిలబడి ఒకే మాట అంటుంది. "పో. తలుపు మాత్రం వెయ్యను."

ఆ మాట జనానికి పట్టింది. సీరియల్ ఏళ్ళ తరబడి నడిచింది. బళ్ళో పిల్లలు జట్టు తెంచుకుంటూ అదే అనేవారు. ఉద్యోగం మానేసి వెళ్ళేవాడికి ఆఫీసువాళ్ళు ఆ మాటే కేకు మీద రాయించేవారు. మొగుడూ పెళ్ళాలు విడిపోతూ కూడా అనుకునే ఉంటారు.

నా భార్య గొంతు బొంగురు. పుట్టుకతో వచ్చింది. ఫోను ఎత్తితే అవతలివాళ్ళు "సార్, మేడం ఉన్నారా" అనేవారు. మొదటిరోజు రికార్డు విని డైరెక్టరు, "మొహం పెద్దక్క, గొంతు పెదనాన్న" అన్నాడు. సెట్టంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. మర్నాడు గొంతావిడని పిలిపించారు. ఆవిడకి పేరు ఉంది గాని మేమందరం గొంతావిడ అనే అనేవాళ్ళం.

తర్వాత ఒకరోజు బట్టల కొట్లో ఒక పెద్దావిడ నా భార్యని గుర్తుపట్టి చేయి పట్టుకుంది. ఆ మాట ఒక్కసారి అనమ్మా అని బతిమాలింది. ఈమె అంది. పెద్దావిడ మొహం వాడిపోయింది. "అయ్యో, జలుబు చేసిందా తల్లీ" అంది.

అప్పటినుంచి ఈమె బయట నోరు విప్పడం మానేసింది. ఎవరు పలకరించినా నవ్వి తలాడించేది. ఎంత నెమ్మదస్తురాలో అనుకున్నారు జనం. ఇంట్లో మాత్రం కుళాయి మీద అరిచేది, కరెంటు మీద అరిచేది, నా మీద మరీ అరిచేది. ఆ అరుపులు ఇప్పుడు నాకు కావాలి. ఎక్కడా లేవు.

ఆస్పత్రిలో చివరి రోజుల్లో నర్సు ఒకమ్మాయి ఆమె మంచం పక్కన ఫోనులో పాత భాగం ఒకటి పెట్టి చూపించింది. చూడండమ్మా మీరే అంది. నా భార్య కాసేపు చూసింది. నర్సు వెళ్ళాక నాతో అంది.

"చూడు, నేను పోయాక కూడా ఆవిడే మాట్లాడుతుంది."

"మాట్లాడనివ్వను" అన్నాను.

"నీ మాట ఎవడు వింటాడు. నీ మాట విని అందరూ వాళ్ళ మాట అనుకుంటారు" అంది. నవ్వబోతే దగ్గు వచ్చింది.

ఆమె నన్ను ఏమీ అడగలేదు. నేనే మాట ఇచ్చాను. ఇచ్చాక అది అప్పులాంటిది కాదు, తీర్చి ఊరుకోవడానికి. ముల్లులాంటిది.

ఆమె పోయిన కొన్నాళ్ళకి టీవీ చానెల్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పెద్ద హాల్లో సంస్మరణ కార్యక్రమం చేస్తామంది. జనం వస్తారు, టీవీలో కూడా చూపిస్తాం, మీరు వేదిక మీద కూర్చోవాలి అంకుల్ అంది. నేను ఒక్కటే షరతు పెట్టాను. ఆమె సొంత గొంతు ఆ హాల్లో ఒక్కసారి వినిపించాలి.

"సొంత గొంతు అంటే?" అంది.

చెప్పాను. ఆ అమ్మాయి చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. చిన్నప్పుడు పెద్దక్క గొంతు వింటూ అన్నం తిన్నానంది. అయితే అన్నాళ్ళూ ఎవరి గొంతు వింటూ తిన్నానో అని తనలో తనే గొణుక్కుంది. తర్వాత తేరుకుని, ఇంకా మంచిదంది. ఎవరికీ తెలియని విషయం, జనానికి కొత్తగా ఉంటుందంది. తప్పకుండా వినిపిస్తాం, మీ దగ్గర ఏదైనా రికార్డు ఉంటే ఇవ్వండంది.

మా దగ్గర లేదు. మా అమ్మాయి ఫోనులో పుట్టినరోజులవీ ప్రయాణాలవీ వీడియోలు బోలెడు ఉన్నాయి. అన్నిట్లో అందరూ మాట్లాడతారు. ఆమె నవ్వుతుంది. ఫోను తన వైపు తిరిగితే ఆమె నోరు దానంతటదే మూతపడేది. ఒక వీడియోలో వంటింట్లోంచి ఏదో అరుస్తున్నట్టే ఉంది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. మిక్సీ.

మా అమ్మాయికి అమ్మ ఒకసారి మాట రికార్డు చేసి పంపిందట, గ్యాసు కట్టేశావా లేదా అని. ఆ ఫోను నీళ్ళలో పడిపోయింది. దాచుకోవాల్సిన మాట అని అప్పుడు ఎవరికి తెలుసు నాన్నా అని ఏడ్చింది. నేను ఊరుకోబెట్టలేదు. నాకు కోపంగా ఉంది.

చానెల్ అమ్మాయి పాత పైలెట్లు వెతికించింది. ఒక్కటీ లేదు. అప్పుడు నాకు సౌండు అతను గుర్తొచ్చాడు. సీరియల్ నడిచినన్నాళ్ళూ సెట్లో మైకులు చూసుకున్నది అతనే. ఇప్పుడు చెప్పుల కొట్టు పైన ఒక గదిలో వ్యాపార ప్రకటనలు రికార్డు చేస్తున్నాడు. చప్పుడు మోగకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి ఉన్నాయి.

"రా ముందుమాటా" అన్నాడు. నా భార్య సంగతి విన్నానని, రాలేకపోయానని చెప్పి, కుర్చీ మీద వైర్లు తీసి పక్కన పెట్టాడు.

ఒకటి ఉందన్నాడు. చిన్న తమ్ముడి వేషం వేసినవాడు వేరే సీరియల్లో పెద్ద వేషం వస్తే చెప్పాపెట్టకుండా పోయాడు కదా, అప్పుడు ఒక సీను డబ్బింగుకి వెళ్ళకుండానే ఆగిపోయింది. దాని పైలెట్ తన దగ్గరే ఉండిపోయింది.

"ఎందుకు దాచావు?" అన్నాను.

"దాచలేదు. చెరపమని ఎవరూ చెప్పలేదు, నేను చెరపలేదు. బద్ధకం. గొప్పేం కాదు" అన్నాడు.

హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకున్నాను. ముందు ఫ్యాను చప్పుడు. ఎవరో కుర్చీ జరిపారు. డైరెక్టరు గొంతు దూరంగా. తర్వాత ఒక మగ గొంతు, నా చెవిలో మేకు దిగ్గొట్టినట్టు, దగ్గరగా, గట్టిగా.

"పో."

అది నేను.

"ఎక్కడికి పోతావో పో. నిన్ను ఆపేదెవరు."

దాని కింద ఏదో ఉంది. గోడ అవతల మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, మనిషి తెలియదు. గరుకుగా ఒక చప్పుడు నా మాట వెనకే పాకుతోంది. నేను ఆగితే వినపడాలి. నేను ఆగేసరికి అదీ ఆగిపోతోంది.

అలా ఎందుకు ఉందో నాకు వెంటనే తెలిసింది. మిగతా నటులందరూ నా మాట పూర్తయ్యేదాకా ఆగి, మింగి, అప్పుడు అనేవారు. ఆ ఆగడం మొహంలో కనిపించేది. ఈమె ఆగేది కాదు. నేను మొదటి అక్షరం ఎత్తుకోగానే అందుకునేది. నేను మాట చివరికి వచ్చేసరికి తానూ చివరికి వచ్చేది. అందుకే ఎవరో చెబితే అన్నట్టుండేది కాదు, అప్పుడే మనసులోంచి వచ్చినట్టుండేది. డైరెక్టరు కొత్తవాళ్ళకి ఆమెని చూపించి నేర్చుకోమనేవాడు. ఆమె పెద్ద నటి అయింది దానివల్లే. అదే, నా గొంతు కింద మాట్లాడటం వల్ల.

"మైకు ఎక్కడ పెట్టినా ముందు నీ గొంతే పడేది. ఎన్నిసార్లు చెప్పాను, మెల్లగా చదవవయ్యా అని" అన్నాడు సౌండు అతను.

"నన్ను తీసెయ్" అన్నాను.

అతను తీయడానికి చూశాడు. మీటలు అటూ ఇటూ తిప్పాడు. నన్ను కొంచెం తగ్గిస్తే ఆమె కొంచెం తగ్గింది. నన్ను పూర్తిగా తీసేస్తే అక్కడ ఫ్యాను మిగిలింది. మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. భోజనానికి కూడా లేవలేదు. చివరికి వెనక్కి వాలి, "పాలల్లో కలిసిన నీళ్ళు తోడమంటే ఎలా?" అన్నాడు.

పాలు ఎవరో నీళ్ళు ఎవరో నేను అడగలేదు.

ఒక్క చోట మాత్రం ఆమె ఒక్కతే ఉంది. చివరి మాట అయిపోయాక, డైరెక్టరు కట్ అనకముందు, ఆమె ఊపిరి వదిలింది. అది శుభ్రంగా వినపడుతుంది. కాని ఊపిరికి బొంగురు ఉండదు. అది ఎవరి ఊపిరైనా కావచ్చు.

మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ పెట్టాడు. ఎన్నిసార్లు విన్నానో తెలియదు. అలా వినకుండా ఉండాల్సింది. ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు ఆమె గొంతు నా తలలో ఉంది. "ఏమయ్యా" అని మొదలుపెట్టి కిందకి దిగే ఆ గరుకు నాకు స్పష్టంగా గుర్తుంది. మెట్లు దిగేటప్పుడు తలచుకుంటే దాని మీద నా గొంతు కూర్చుని ఉంది.

చానెల్ అమ్మాయికి ఫోను చేసి, ఆ సీను పైలెట్లోనూ ఆమె గొంతు లేదని చెప్పాను. ఫర్వాలేదు అంకుల్ అంది. దానికి బదులు ఇంకో మంచి ఆలోచన చేశామంది. ఆ ఆగిపోయిన సీను ఎవరూ చూడనిది కదా, సౌండు అతను చెబితే వెతికించాం, దాని బొమ్మ దొరికింది, ఆ డబ్బింగ్ మేడంని పిలిపించి వేదిక మీదే అందరి ముందూ గొంతు చెప్పిస్తాం, పెద్దక్క మళ్ళీ బతికి వచ్చినట్టుంటుందంది.

ఫోను పెట్టేశాను. రానని మా అమ్మాయితో చెప్పాను.

"నువ్వు రాకపోయినా వాళ్ళు చేస్తారు నాన్నా. నువ్వు లేకపోతే అమ్మ తరఫున ఎవరూ ఉండరు, అంతే" అంది.

అందులో తప్పేమీ కనపడలేదు. వెళ్ళాను.

వేదిక మీద పెద్దక్క ఇంటి గుమ్మం కట్టారు. తలుపు తీసే పెట్టారు. పిలిచినవాళ్ళందరూ ఆ గుమ్మంలోంచే నడిచి రావాలట. పక్కన నిలబడ్డ వడ్రంగి, తలుపు పట్టుకోకండి, మేకులు ఇంకా బిగించలేదు అని ఒక్కొక్కరికీ చెబుతున్నాడు.

కార్యక్రమం నడిపేది చిన్న తమ్ముడు. సీరియల్ వదిలేసి పోయినవాడే. ఇప్పుడు పెద్దవాడయ్యాడు, పొట్ట కూడా పెద్దదైంది. నన్ను చూడగానే "బావగారూ" అని కౌగలించుకున్నాడు. అక్కకి మొగుణ్ణి కాబట్టి బావనట. సీరియల్లో పెద్దక్కకి మొగుడు లేడు. ఆ మాట అంటే నవ్వి నా వీపు తట్టాడు.

వేదిక వెనక గదిలో గొంతావిడ ఒక మూల కూర్చుని ఉంది. ముసలిదైపోయింది. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. ఎవరూ ఆవిడని పలకరించడం లేదు. ఎవరికీ ఆ మొహం తెలియదు. నేను వేరే వైపు కూర్చున్నాను. ఆవిడే లేచి వచ్చింది.

"అన్నయ్యగారూ, నా మీద మీకు కోపమని తెలుసు."

"తెలిస్తే సరే" అన్నాను.

ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. నా భార్యతో జీవితంలో రెండు మూడుసార్లు కూడా మాట్లాడలేదంది. కాని అన్నేళ్ళూ పైలెట్ చెవిలో పెట్టుకుని పని చేసింది కాబట్టి, రోజంతా ఆమె గొంతు వింటూనే ఉండేదాన్నంది. ఇంటికి వెళ్ళినా చెవిలో అదే మోగేదంది.

"పైలెట్లో ఆమె వినపడదు. నేనే వినపడతాను" అన్నాను.

"మొదట్లో నాకూ మీరే వినపడేవారు. మీతో గొడవగా ఉండేదండీ, నిజం చెప్పాలంటే. తర్వాత తర్వాత మిమ్మల్ని దాటుకుని వినడం అలవాటైంది. చెవికి పని నేర్పితే నేర్చుకుంటుంది."

అని, గొంతు కొంచెం కిందకి దించి, చేతి వేళ్ళ వైపు చూసుకుంటూ అంది.

"పో. తలుపు మాత్రం వెయ్యను."

నేను తల తిప్పాను. నా భార్య కాదు. నా భార్యే అనడానికి ఒక కాగితం మందం తేడా ఉంది. 'మాత్రం' దగ్గర విరిగే ఆ విరుపు ఉంది. చివర గాలి మిగిలిపోవడం ఉంది. ఎవరి నోట్లోంచి రాకూడదో ఆ నోట్లోంచి వచ్చింది. లోకంలో ఇంకెక్కడా లేదు.

నాకు ఆవిడని క్షమించాలని లేదు. కాని మాట ఇచ్చినవాడికి ఇష్టాయిష్టాలు ఏముంటాయి.

"వేదిక మీద ఇలాగే అనండి. తియ్యటిది వద్దు. ఇది" అన్నాను.

"జనం ఒప్పుకోరండీ."

"జనం కోసం కాదు."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, సరే అంది.

వేదిక మీద కూర్చోనని చెప్పి, కిందకి వచ్చి రెండో వరసలో మా అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఉపన్యాసాలు అయ్యాయి. డైరెక్టరు మైకు పట్టుకుని ఆమె నటన గురించి చెప్పాడు. పెదనాన్న జోకు చెప్పలేదు. మరిచిపోయి ఉంటాడు. నేర్పిన మాట అప్పజెప్పినట్టు అందరూ తియ్యటి గొంతు అన్నారు. తర్వాత చిన్న తమ్ముడు దీపాలు తగ్గించమన్నాడు. తెర మీద ఆ సీను వచ్చింది. నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. చామనఛాయ మొహం, బుగ్గ మీద మేకప్పతను ఎంత పూసినా దాగని మచ్చ. మాట లేదు. పెదవులు కదులుతున్నాయి.

గొంతావిడ మైకు ముందు నిలబడింది. ఆవిడని చూపించి, ఇన్నేళ్ళూ తెర వెనక ఉన్న మనిషి అని చిన్న తమ్ముడు చెప్పాడు. జనం గుసగుసలాడారు. సీను మళ్ళీ మొదటినుంచి వేశారు. పెదవులు కదలగానే ఆవిడ అందుకుంది.

"పో. ఎక్కడికి పోతావో పో. నిన్ను ఆపేదెవరు."

బొంగురుగా, గరుకుగా, కింద గొంతులో. నా భార్య పెదవుల మీద నా భార్య గొంతు. నా మాట లేకుండా. మొదటిసారి.

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో "గొంతు పోయింది పాపం" అన్నారు. నా ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో, వయసైపోయింది కదండీ, ఇంకా ఆ గొంతు ఎక్కడ ఉంటుంది అంది. చిన్న తమ్ముడు చేయి ఊపి సీను ఆపించాడు. చాలా ప్రేమగా ఆవిడ భుజం మీద చేయి వేశాడు.

"మేడం పొద్దున్నుంచి అందరితో మాట్లాడి గొంతు పట్టేసుకుంది. ఎవరైనా కాసిని వేడినీళ్ళు ఇవ్వండి. తొందరేం లేదు మేడం."

ఏళ్ళ తరబడి నా భార్య ఎదురుగా నిలబడి నటించినవాడు వాడు. ఆ గొంతు రోజూ విన్నవాడు. గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతాడు. సెట్లో వాడు ఎప్పుడూ ఆమె మాట వినలేదు. తన వంతు ఎప్పుడొస్తుందా అని నా మాట వినేవాడు. అందరూ అంతే.

గొంతావిడ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. వద్దు, అదే అనండి అని. ఆవిడ చేతికి నీళ్ళ గ్లాసు ఇచ్చారు. హాల్లో ఎవరో మొదలుపెట్టారు, పెద్దక్కా, పెద్దక్కా అని. మిగతావాళ్ళు అందుకున్నారు. ఆవిడ నీళ్ళు తాగింది. సీను మళ్ళీ వేశారు.

"పో" అంది.

తేనె. అదే తేనె. ముసలి ఒంట్లోంచి చెక్కుచెదరకుండా వచ్చింది. హాలు ఒక్కసారి నిట్టూర్చింది. "తలుపు మాత్రం వెయ్యను" అనేసరికి జనం లేచి నిలబడి ఏడుస్తున్నారు. తెర మీద నా భార్య పెదవులు ఆ మాటకి అతుక్కుపోయాయి. ఎప్పటిలాగే. ఎంత బాగా అతికిందంటే, కాసేపు చూస్తే నేను కూడా నమ్ముతాను.

మా అమ్మాయి పక్కన కూర్చుని ఏడుస్తోంది. చప్పట్లు కొట్టారు. నా చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. చానెల్ అమ్మాయి దూరం నుంచి బొటనవేలు చూపించింది, బాగా వచ్చింది అంకుల్ అన్నట్టు.

బయటికి వస్తుంటే గొంతావిడ వేదిక మీది గుమ్మం పక్కన నా కోసం ఆగి ఉంది. వడ్రంగి అప్పుడే తలుపు ఊడదీస్తున్నాడు.

"ఏం చేయను అన్నయ్యగారూ. అంతమంది అడిగారు. కావాలంటే మీ ఇంటికి వచ్చి అంటాను. మీరు రికార్డు చేసుకోండి, ఎన్నిసార్లయినా."

"వద్దు."

"ఊరికే అండీ, నా తృప్తి కోసం."

"మీ తృప్తి అయింది కదా" అన్నాను.

ఆవిడ తల దించుకుంది. తప్పు ఆవిడది కాదని నాకు తెలుసు. తెలిస్తే ఏం. ఆవిడ ఇంటికి వచ్చి నా భార్య గొంతుతో మాట్లాడి, టీ తాగి, ఆ గొంతు పట్టుకుని వెళ్ళిపోతుంది. అలాంటి చుట్టం నాకు అక్కర్లేదు.

ఇంటికి వచ్చాం. మా అమ్మాయి చెప్పులు విప్పుతూ అడిగింది.

"నాన్నా, ఆవిడ మొదట బొంగురుగా అంది చూడు. అమ్మ అలాగే అనేదా?"

నేను ఆమె మొహం చూశాను. ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతోంది.

"గుర్తు చేసుకుందామని ఎంత చూసినా టీవీ గొంతే వస్తోంది. అమ్మ వంటింట్లోంచి నన్ను పిలిచినట్టు అనుకుంటానా, ఆ గొంతుతోనే పిలుస్తోంది. అమ్మ ఎప్పుడూ ఆ గొంతుతో పిలవలేదు కదా నాన్నా? పిలవలేదు కదా?"

"లేదు" అన్నాను.

"మరి ఎలా పిలిచేది? ఒకసారి చెప్పు."

నేను చెప్పలేకపోయాను. నా దగ్గర ఉన్నది చదివే గొంతు ఒక్కటే. అందులో ఎవరూ ఉండరు. అలా ఉండకూడదనే నేర్పారు.

మర్నాడు మా అమ్మాయి తన ఊరికి వెళ్ళడానికి బట్టలు సర్దుకుంటోంది. నేను వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాను. కుళాయి కారుతోంది. ఆమె ఉంటే దాని మీద అరిచేది. ఏమని అరిచేదో తెలుసు. మాటలన్నీ తెలుసు. మాటలు ఎప్పుడూ నా దగ్గరే ఉన్నాయి.

కళ్ళు మూసుకున్నాను. కాగితం లేకుండానే, స్టూలు మీద కూర్చున్నప్పటిలా, ఏడుపూ నవ్వూ లేకుండా, గోడ అవతలికి వినపడేలా చదివాను.

"ఈ కుళాయి బాగు చేయిస్తావా, నన్ను చేయించమంటావా."

ఆగాను. ఆమె ఎప్పుడూ ఆగనిచ్చేది కాదు.

"ఏంటి నాన్నా, పిలిచావా?" అంది మా అమ్మాయి గదిలోంచి.

"నిన్ను కాదు" అన్నాను.